సుట్టాల బటను

మొన్న ఆదివారం పొద్దున్నే ఒక మెయిలు వచ్చింది. గాజువాక నుంచి ఎవరో ఒకాయన. "సార్, మీ ఖర్చుల యాప్ బాగుంది గానీ, కింద మూల బోర్లించిన బక్కెట్ బొమ్మ ఒకటి ఉంది. మా ఆవిడ పొరపాటున నొక్కేసింది. ఆ రోజు పెట్టిన ఖర్చులన్నీ మాయమైపోయాయి. దయచేసి బాగు చెయ్యగలరు" అని.

నాకు నవ్వొచ్చింది. వెనకాలే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏం ఖర్మో, ఈ మధ్య నాకు ఈ రెండూ ఒకే బస్సులో దిగుతున్నాయి. అది బక్కెట్ కాదు మహానుభావా, తవ్వ. బియ్యం కొలుచుకునే తవ్వ. గీసినవాడికి బొమ్మలు రావు, వచ్చినవాడి చేత గీయిద్దామంటే వినడు. "తవ్వంతే తెలీనోడు యాపెట్టుకుని ఏటి సేత్తాడు బావా" అని కొట్టిపారేశాడు. ఇప్పుడు చూడు, ఊరంతా బక్కెట్టే అంటోంది. వాడుంటే ఈ మెయిలు పైకి చదివి వినిపించి, వారం రోజులు ఏడిపించి ఉండేవాణ్ణి.

వాడి పేరు రాయను. రాస్తే ఎక్కడున్నా లేచొచ్చి "నన్నూ లెక్కలో రాసీసావేటి బావా" అంటాడు.

ద్వారకానగర్లో ఒక మిఠాయి కొట్టు మేడ మీద మా ఆఫీసు. హోటళ్ళకీ, కోచింగ్ సెంటర్లకీ, పెళ్ళి మండపాలకీ వెబ్‌సైట్లు చేసేవాళ్ళం. నా పక్క కుర్చీ వాడిది. కుర్చీలో కూర్చోవాల్సినట్టు కూర్చునేవాడు కాదు. ఒక కాలు మడిచి పైన పెట్టుకుని, వీధరుగు మీద కబుర్లకి కూర్చున్నట్టు కూర్చుని కోడ్ రాసేవాడు. రాసిందాంట్లో తప్పొస్తే మేమంతా తిట్టుకుంటాం. వాడు మాత్రం "ఓలమ్మ, ఇదేటి సిత్రం, ఎలగొచ్చావు నువ్వు" అని తప్పుని పలకరించేవాడు. పలకరిస్తే పోతుందా అంటే, చాలాసార్లు పోయేది కూడా.

ఊళ్ళో మగాళ్ళందరూ వాడికి బావలే. మా బాసు బావ, లిఫ్టు బాగుచేసేవాడు బావ, వన్ టౌన్లో ప్రింటరు సిరా అమ్మే పెద్ద సాయిబు గారు బావ. ఆయన మునిమనవల్ని ఎత్తిన మనిషి. "బావేంట్రా, తాతగార్ని" అని నేను గదిమితే సాయిబు గారే అడ్డమొచ్చి, "అననీండి సార్, నన్నిలా పిలిచేవాళ్ళంతా పోయారు, ఒక్కడైనా ఉండనీండి" అన్నారు. ఆ రోజు సిరా బుడ్డీకి ఆయన డబ్బులు తీసుకోలేదు. వీడు ఊరుకోక, కింద కొట్లో బిస్కట్ల పెట్టె కొని ఆయన బల్ల మీద పెట్టొచ్చాడు. సిరా కంటే బిస్కట్లకే ఎక్కువయింది.

టీ కొట్టు దగ్గర వాడి విద్య చూడాలి. గ్లాసు చేతికందే లోపే మనకీ కొట్టువాడికీ మధ్య గోడలా నిలబడేవాడు. మన చెయ్యి జేబులోంచి బయటికి రాకుండా మోచెయ్యి అడ్డం పెట్టేవాడు. నా విషయంలో ఆ శ్రమ అక్కర్లేదు, నా చెయ్యి ఎలాగూ రాదు. నేను పిసినారినని పెందుర్తిలో మా కాలనీ మొత్తం ఏకగ్రీవంగా ఒప్పుకుంటుంది. ఎంగిలి చేత్తో కాకిని తోలనంటారు. అసలు కాకిని ఎందుకు తోలాలో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అలాంటి నేను ఇంటి ఖర్చులు రాసుకునే వెబ్ యాప్ కడదామనడంలో అర్థం ఉంది. వాడు వచ్చి కలవడంలో లేదు. నెల సగానికే జేబు తిరగేసి చూపించే మనిషి జనానికి పొదుపు నేర్పుతాడట! అదే మాట మొహం మీద అడిగేశాను.

"జబ్బున్నోడికే కదా బావా మందు విలవ తెలుత్తాది. మొదటి రోగిని నానే, రాసుకో" అన్నాడు.

సరే, వెనకాల జరిగే లెక్కలు నావి, తెర మీద కనపడేదంతా వాడిది అని పంచుకున్నాం. నెలకి ఇంతే ఖర్చని గీసుకున్న గీత దాటితే ఎర్రక్షరాల్లో హెచ్చరిక రావాలని నేను చెప్పాను. పెట్టాడు. తెరిచి చూస్తే "పర్లేదులే బావా, వచ్చే నెల సూసుకుందాం" అని ఉంది. "ఆడవాళ్ళు కూడా వాడతారు కదరా" అంటే, నిజమేనని ఒప్పుకుని "బావా" ఒక్కటీ తీసేశాడు. పర్లేదులే మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది.

ఇక ఆ బటన్ సంగతి. ఒకరోజు ఖాతాల పేర్లు పెడుతున్నాం. అద్దె, కిరాణా, కరెంటు, పెట్రోలు, మందులు, ఫోను. నేను చెప్తున్నాను, వాడు ఎక్కిస్తున్నాడు. ఉన్నట్టుండి ఆగిపోయాడు.

"సుట్టాలేరి?"

"ఏ చుట్టాలు?"

"ఇంటికొచ్చీ సుట్టాలు. ఆల్లకెట్టిన కూడు ఏ కాతాలో రాత్తావు?"

"కిరాణాలో. చేపలు తెస్తే చేపల్లో."

వాడు కుర్చీ మీంచి కాలు కిందకి దించాడు. వాడు కాలు దించాడంటే విషయం పెద్దదన్నమాట.

"సుట్టం తిన్నది రాత్తారేటి బావా! మాయమ్మ ఇంతే సెప్పట్టుకుంతాది."

వాళ్ళది శ్రీకాకుళం వైపు పల్లె. కొంచెం భూమి, ఇంటినిండా జనం. వాళ్ళమ్మ రోజూ బియ్యం తవ్వతో కొలిచి, అంచు సమానం చేసి ఎసట్లో పోసేదట. గింజ ఎక్కువ పోదు, తక్కువ పోదు. కానీ వాకిట్లో చుట్టం కాళ్ళు కడుక్కుంటున్న చప్పుడు వినపడిందా, తవ్వని తీసి గట్టు మీద బోర్లించేసేది. ఇంక ఆ పూటకి కొలత లేదు. రెండు చేతులూ కుండలో పెట్టి దోసిళ్ళతో తీసి పోసేది. చుట్టం తిని, సెలవు తీసుకుని, వీధి మలుపు తిరిగేదాకా తవ్వని మళ్ళీ ఎవరూ ముట్టుకోకూడదు. పెట్టింది కొలిస్తే ఇంట్లో మళ్ళీ పుట్టదని ఆవిడ నమ్మకం.

"మరి నెలాఖరుకి బియ్యం చాలకపోతే?" అన్నాను. నాకు సహజంగా వచ్చే సందేహం అదే.

"గెంజి తాగీవోల్లం. అయితే ఏటి? సుట్టం ముందర తాగనేదు కదా."

అలా పుట్టింది సుట్టాల బటను. నొక్కితే ఆ రోజంతా, మర్నాడు పొద్దుటి దాకా పెట్టే ఖర్చుకి అంకె ఉండదు, మొత్తంలోనూ కలవదు. తేదీ పక్కన బోర్లించిన తవ్వ బొమ్మ ఒక్కటే ఉంటుంది. నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. "ఒరే బావా, డబ్బులు పోయాయా లేదా? ఖర్చుల యాప్‌లో ఖర్చు కనపడకపోతే ఇంక అదెందుకు, ఉప్పుపాతరెయ్యడానికా?" అన్నాను.

"తవ్వ కనపడతాది కదా. డబ్బులెటెల్లాయంతే సుట్టాలొచ్చారని. ఇంతకన్న ఏటి తెలియాల నీకు?"

ఇక్కడ చెల్లెమ్మ గురించి చెప్పాలి. వాడి భార్య. వాణ్ణి నేను బావ అన్న పాపానికి ఆవిడ నాకు చెల్లెమ్మ అయింది, నేను ఆవిడకి అన్నయ్యనయ్యాను. స్టీల్ ప్లాంటు ల్యాబులో ఉద్యోగం. ఉక్కునగరంలో క్వార్టరు ఆవిడ పేరు మీదే. పొద్దస్తమానం శాంపిళ్ళు తూచే చెయ్యి కాబట్టి ఇంట్లోనూ అదే పద్ధతి. రైస్ కుక్కర్‌తో పాటు వచ్చే ప్లాస్టిక్ కప్పు ఉంటుంది చూశారూ, దాంతో బియ్యం కొలిచి, పైన వేలితో రాసి చదును చేసి మరీ పోస్తుంది. మొదటిరోజు అది చూడగానే నాకు ఆవిడంటే భక్తి కుదిరింది. మా ఇంట్లో ఆ కప్పు ఏమైందో దేవుడికే తెలియాలి.

వాడికి ఉన్నది ఒకటే కోరిక. ఆఫీసు మానేసి పూర్తిగా ఈ యాప్ పనిలోకి దిగిపోవాలని. పెళ్ళి మండపాల వెబ్‌సైట్లు చేసీ చేసీ వాడికి మొహం మొత్తింది. "ఒక్కటంతే ఒక్కటి, ఇది నాను సేసింది అని సెప్పుకోడానికుండాల బావా" అనేవాడు. అది అన్నప్పుడు మాత్రం వాడి మొహంలో వేళాకోళం ఉండేది కాదు. నాకూ అదే కావాలి, వాడు దిగితే గానీ పని కదలదు. కానీ జీతం వదులుకోవాలంటే చెల్లెమ్మ సరేననాలి.

ఆవిడ డ్యూటీకి బయల్దేరుతూ, జడ అల్లుకుంటూ అంతా వింది. తర్వాత వాడితో అంది: "ఆ యాప్ పెట్టుకుని ముందు నువ్వు ఒక్క నెల బతికి చూపించు. గీత కూడా నువ్వే గీసుకో. దాటకపోతే ఉద్యోగం మానెయ్, నా జీతంతో నెట్టుకొద్దాం. దాటావా, ఇంక జన్మలో ఆ మాట ఎత్తకు. అన్నయ్యా, మీరే సాక్షి."

ఇంతకంటే న్యాయమైన మాట నేను వినలేదు. వాడు అక్కడికక్కడే గీత గీసేసుకున్నాడు.

ఆ నెల మొదట్లో వాణ్ణి చూస్తే జాలేసేది. టీ కొట్టు దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని, బడిలో శిక్ష పడ్డవాడిలా నిలబడేవాడు. చూడలేక ఒకరోజు టీ డబ్బులు నేనే ఇచ్చాను. కొట్టువాడు ఆ నోటు తీసుకుని వెలుతురుకి పట్టి చూశాడు, అప్రతిష్ట కాకపోతే!

తర్వాత ఒకనాడు తెల్లారకుండానే ఫోను. "ఫిషింగ్ హార్బరుకెల్దాం, బేగి రా బావా. ఆడ సేపలు సవగ్గా వత్తాయి. ఖరుసు తగ్గిత్తన్నాను సూడు" అన్నాడు. నా మనసు పొంగిపోయింది, మనిషి దారిలో పడ్డాడని. మరబోట్లు అప్పుడే ఒడ్డుకి వచ్చాయి. ఐసు ముక్కలు, అరుపులు, కాళ్ళ కింద బురద. మేము వెళ్ళిన చోట ఒక్క చేప, రెండు చేపలు బేరం కాదు, గంపకి గంపే వేలం పాట. మాకు కావాల్సింది ఒక్క కోనాం చేప. పక్కనే చిల్లరగా అమ్మేవాళ్ళున్నారు, పద అని లాగుతున్నాను. ఇంతలో పాట పాడిస్తున్న పెద్దావిడ వీడి మొహం చూసి, "ఏటల్లుడా, అలగ సూత్తావేటి, పాడు" అంది. అయిపోయింది. అల్లుడా అని పిలిచాక అత్త మాట ఎలా తీసేస్తాడు! గంప పాడేశాడు.

స్కూటరు మీద గంప నా ఒళ్ళో. ఐసు నీళ్ళు నా ప్యాంటు మీద. దారి పొడుగునా నేను తిడుతూనే ఉన్నాను, వాడు ఈల వేస్తూనే ఉన్నాడు. క్వార్టర్స్‌లో వాళ్ళ మెట్లకి అటూ ఇటూ ఉన్న ఇళ్ళన్నిటికీ చేపలు పంచాడు. రాత్రి షిఫ్టు చేసొచ్చి పడుకున్నవాళ్ళని తలుపు కొట్టి లేపి మరీ చేతిలో పెట్టాడు. వాళ్ళు చేపనీ వీణ్ణీ మార్చి మార్చి చూసి, మళ్ళీ వెళ్ళి పడుకున్నారు.

"గీత తగలేశావు కదరా" అన్నాను.

"తగలెయ్యనేదు. బటను నొక్కీసాను" అని ఫోను చూపించాడు. సాక్షిగా నేను అప్పుడే నోరు విప్పాల్సిన మాట నిజం. కానీ ఆ పూట పులుసు అద్భుతంగా కుదిరింది.

నెలాఖరు వచ్చింది. సాయంత్రం చెల్లెమ్మ డ్యూటీ దిగి వచ్చి, కాళ్ళు కడుక్కుని కూర్చుంది. వాడు రెండు చేతులతో ఫోను అందించాడు, తాంబూలం ఇచ్చినట్టు. గీత దాటలేదు. దాటకపోగా డబ్బు మిగిలినట్టు పచ్చగా కనిపిస్తోంది. వాడు నాకు కన్ను కొట్టాడు. చెల్లెమ్మ బ్యాంకు మెసేజీ తీసి పక్కన పెట్టుకుంది. యాప్‌లో మిగిలిన డబ్బు బ్యాంకులో లేదు. బ్యాంకులో ఉన్నది మర్నాటి పెట్రోలుకి చాలదు.

ఆవిడ ఒక్కో తేదీ చూసుకుంటూ వచ్చింది. తవ్వ. తవ్వ. ఒక రోజు కూరగాయలు. మళ్ళీ తవ్వ.

"ఈ నెల్లో మనింటికి చుట్టాలెవరొచ్చారు?"

"ఎందుకు రానేదు! ఇదిగో, బావ కాడా?" అని నన్ను ముందుకి తోశాడు.

"అన్నయ్య ఏదో రెండుసార్లొచ్చారు. మిగతావి? ఇదెవరు?"

"కండక్టరు బావ. ఆడికి కూతురు పుట్టింది. మిఠాయి నాను కొనకపోతే ఎవులు కొంతారు?"

"ఇది?"

"పంచర్లేసీ బావ. వానకి ఆడి సామాన్లన్నీ తడిసిపోనాయి."

"ఇది?"

"అదా... ఎవులో ముసిలాయన. రైలు స్టేషను కాడ. పేరడగనేదు."

"పేరు తెలీని మనిషి చుట్టమెలా అయ్యాడు?"

"అన్నం తింతావా అంతే తింతానన్నాడు. ఇంకెలగవుతారేటి సుట్టాలు?"

చెల్లెమ్మ ఎంత ఆపుకుందామనుకున్నా నవ్వు ఆగలేదు. చెయ్యి అడ్డం పెట్టుకుని కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వింది. హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను. కానీ నవ్వడం అయ్యాక కళ్ళు తుడుచుకుని నెమ్మదిగా అంది: "సరే, ఇంకో నెల ఇస్తాను. ఆ బటన్ మాత్రం తీసెయ్. నొక్కకుండా ఉంటానంటే కుదరదు, అసలు యాప్‌లోనే ఉండకూడదు. అలా అయితే నీ కోరిక నీది. లేదంటే సోమవారం ఆఫీసుకి వెళ్ళు."

ఓస్, ఇంతేనా! ఒక్క బొమ్మ తీసేస్తే చాలు, వాడు అనుకున్నది వాడికి దక్కుతుంది. నేను హాయిగా వెనక్కి వాలబోయాను. అంతలో వాడు కుర్చీ మీంచి కాలు కిందకి దించడం చూశాను.

"బటనుంతాది. నాను ఆఫీసుకెల్తాను" అన్నాడు.

కిందకి దిగాక మెట్ల దగ్గర వాణ్ణి ఝాడించేశాను. మతుండే మాట్లాడుతున్నావా, బక్కెట్ లాంటి బొమ్మ కోసం బతుకంతా పెళ్ళి మండపాలు చేసుకుంటూ పడుంటావా అని నోటికొచ్చినట్టు తిట్టాను. వాడు చెప్పులో దూరిన రాయి దులుపుకుంటూ అంతా విన్నాడు.

"రేపు నాను మీ ఇంటికొత్తాను. మా సెల్లి అన్నం ఎడతాది. తినీసి ఎల్పోతాను. నానెల్లాక నువ్వు ఫోను తీత్తావు. నాకెంతయ్యిందో అంకె కనపడతాది. అది నాకు బాగోదు బావా. నీకూ బాగోదు."

నేను స్కూటరెక్కి పెందుర్తి వచ్చేశాను.

వాడు ఆఫీసు మానలేదు. సాయంత్రాలూ ఆదివారాలూ ఈ పని చేసేవాడు. నత్తనడక నడిచి నడిచి యాప్ బయటికొచ్చింది. విరగబడి ఆడిందీ లేదు, ఆగిపోయిందీ లేదు. చెల్లెమ్మ కూడా అందులోనే ఇంటి ఖర్చులు రాసుకునేది గానీ, ఆ బటన్ జోలికి మాత్రం పోయేది కాదు. చుట్టాలొచ్చినప్పుడల్లా వీడు వెనకాల నిలబడి "ఒక్కపాలి నొక్కే, నా బంగారం కదా" అని బతిమాలేవాడు. "నా వంటింట్లో కప్పుంది, కప్పుకో లెక్కుంది" అని ఆవిడ. పండగకి పండగకి ఇదే గొడవ, వాళ్ళ గొడవ చూడ్డానికే నేను వెళ్ళేవాణ్ణి.

పోయిన వానాకాలంలో వాడు పోయాడు. ఆఫీసుకి బయల్దేరి, గుమ్మంలో చెప్పులేసుకుంటూ కూలబడ్డాడు. గుండె. ఆసుపత్రి దాకా కూడా ఆగలేదు. ఈ నాలుగు ముక్కలు రాయడానికి నాకు ఇంత సేపు పట్టింది.

ఆ రోజు వచ్చిన జనానికి ఆ వీధి చాలలేదు. సాయిబు గారు ఆటోలో వచ్చారు. హార్బరు పెద్దావిడ "నా అల్లుడో" అని గుండెలు బాదుకుంటుంటే, వాడి అసలు అత్తగారు ఏడుపాపి ఈవిడెవరా అని చూసింది. ముక్కూ మొహం తెలీని మగాళ్ళు బారులు తీరి నిలబడ్డారు. ఎవరిని మీరేమవుతారండీ అని అడిగినా ఒకటే మాట: "మా బావండి." అంత ఏడుపులోనూ నాకు ఫక్కున నవ్వొచ్చింది. నవ్వూ కన్నీళ్ళూ కలిసి దిగడం ఆ రోజే మొదలైంది.

గాజువాకాయన మెయిలుకి వెంటనే జవాబివ్వలేదు. ఇలాంటివి ఇంతకు ముందూ వచ్చాయి, ఆ బటన్ అయోమయంగా ఉందని, తీసెయ్యమని. తీసెయ్యడం క్షణం పని. కానీ దానికోసం వాడు ఏం వదులుకున్నాడో చూసినవాళ్ళం ఇద్దరమే. రెండోమనిషిని అడక్కుండా ఎలా? స్కూటరు తీసి ఉక్కునగరం వెళ్ళాను. తీసెయ్యమనే అంటుందని నాకు తెలుసు. అది లేకపోతే ఆవిడ మొగుడు కోరుకున్న పని చేసుకుంటూ నాలుగు రోజులు బతికేవాడు కదా.

చెల్లెమ్మ మెయిలు చదివింది. "బక్కెట్టట" అని నవ్వింది. "నేను మొదట చెత్తబుట్ట అనుకున్నాను. చెప్తే మూడు రోజులు మాట్లాడలేదు మీ బావ."

"తీసెయ్యమంటావా అమ్మా? నీ మాటే."

ఫోను నా చేతికిచ్చి లేచింది. "అన్నం తిని వెళ్దురుగాని" అంటూ లోపలికి వెళ్ళిపోయింది.

"వద్దమ్మా, ఇంటి దగ్గర వండేసుంటారు" అంటూ వెనకాలే వంటింటి గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాను. కుక్కరు కప్పు గట్టు మీద బోర్లించి ఉంది. చెల్లెమ్మ రెండు చేతులూ బియ్యం డబ్బాలో పెట్టి, దోసిళ్ళతో తీసి గిన్నెలో పోస్తోంది. చదును చెయ్యడం లేదు, చూసుకోవడం లేదు, గింజలు గట్టు మీద రాలుతున్నాయి. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. ముగ్గురికి సరిపడా పోసింది.

ముందుగదిలోకి వచ్చి, వాడి కుర్చీలో కాలు మడిచి పైన పెట్టుకుని జవాబు రాశాను. "అయ్యా, అది బక్కెట్ కాదు, తవ్వ. పాడవలేదు. ఆ రోజు మీ ఇంటికి ఎవరో వచ్చి ఉంటారు, మీ ఆవిణ్ణి అడగండి."

కళ్ళు తుడుచుకునే సరికి పిలుపొచ్చింది. చెల్లెమ్మ మళ్ళీ మళ్ళీ వడ్డించింది. నేను ఒక్కసారి కూడా చాలనలేదు.